నలభై ఒకటో లెవెలు దాటని గురునాథం

బొడ్డేపల్లి గురునాథం తన సర్వీసులో కొన్ని వేల రైళ్ళు నడిపించాడు గానీ వాటిలో పదింటినైనా కళ్ళతో చూసి ఎరగడు. సెక్షన్ కంట్రోలరు ఉద్యోగం అలాంటిది. రాయపూర్ కంట్రోల్ ఆఫీసులో, చెవులకు ఫోను తగిలించుకుని, ముందు పరిచిన చార్టు మీద పెన్సిలుతో గీతలు గీస్తూ కూర్చోవాలి. ఒక్కో గీత ఒక్కో రైలు. ఏ గూడ్సుని ఏ స్టేషన్లో పక్క లైనులోకి నెట్టి నిలబెట్టాలో, ఏ ఎక్స్‌ప్రెస్సుని దాని ముందునుంచి దాటించాలో ఆయన చెబితే అక్కడ స్టేషను మాస్టర్లు చేస్తారు. "సాబ్, ఛోడూఁ?" అని అవతలినుంచి ప్రశ్న, బండి వదలనా అని. "ఆగే" అని ఇవతలినుంచి జవాబు. ముందుకి పోనీ అని దానర్థం. మొదట్లో "ఆగే బఢావో" అని నిండుగా అనేవాడు. పదేళ్ళ సర్వీసయ్యేసరికి "బఢావో" అరిగి రాలిపోయింది.

మనిషి కూడా ఆ మాటలాగే పొదుపు. శ్రీకాకుళం దగ్గర పల్లెనుంచి రైల్వే పరీక్ష రాసి ఈ హిందీ దేశానికొచ్చి పడ్డాక, ఆఫీసులో మాటలన్నీ హిందీలో ఖర్చయిపోయేవి. ఇంటికొచ్చేసరికి తెలుగులో మిగిలేవి తక్కువ. ఉన్న కాస్తా భార్య పార్వతమ్మ పుణ్యమే. ఆవిడే అడిగి, ఆవిడే జవాబు చెప్పుకుని, ఈయన తరఫున కోపగించుకుని, ఈయన తరఫునే క్షమించేసేది. రెండువేల ఎనిమిదిలో ఆవిడ పోయింది. ఆ తరవాత వాగన్ వర్క్‌షాపు కాలనీ క్వార్టర్లో ముగ్గురు మిగిలారు: గురునాథం, ఇంటరు చదివే కూతురు ఫణిశ్రీ, ఇల్లు చూసుకోడానికి ఊరినుంచి వచ్చేసిన, ఆయన అప్పా అని పిలిచే అక్క తాయారమ్మ. తాయారమ్మకి మాటలకి లోటు లేదు కానీ అవన్నీ దేవుడితో, పాలవాడితో సరిపోయేవి.

తండ్రీకూతుళ్ళు మాత్రం పళ్ళేల ముందు ఎదురెదురుగా కూర్చుని, ఉప్పు అందుకోడానికి కూడా చెయ్యి చాపేవారే తప్ప నోరు విప్పేవారు కాదు. నోరు విప్పితే పార్వతమ్మ మాట వస్తుందని ఇద్దరికీ భయం.

అలాంటి రోజుల్లో ఫణిశ్రీ చదువుకని కొన్న కంప్యూటర్లోకి ఒక ఆట వచ్చింది. ఏడు కోటల రాజ్యం అందులో. ఎక్కడెక్కడి మనుషులో ఇంటర్నెట్టు మీద వచ్చి, కత్తులు కట్టుకుని, అందులో తిరుగుతుంటారు. రాక్షసిని చంపితే పాయింట్లు, ఎవరైనా ఒప్పజెప్పిన పని చేసి పెడితే పాయింట్లు. ఆ పనుల్ని క్వెస్టులంటారు. పాయింట్లు పోగైతే లెవెలు పెరుగుతుంది. కూతురు ఆడుతుంటే వెనక నిలబడి వారం రోజులు చూశాడు గురునాథం. ఎనిమిదో రోజున, "ఈ పని తరవాత ఆ పని చేస్తే దారి కలిసొస్తుంది. నువ్వు అడ్డదిడ్డంగా తిరుగుతున్నావు" అన్నాడు. పార్వతమ్మ పోయాక ఆయన ఒక్క గుక్కలో అన్న అతి పొడుగు మాట అది.

"అయితే నువ్వూ రా" అంది ఫణిశ్రీ.

ఆఫీసు మూలపడేసిన పాత కంప్యూటరొకటి కొనుక్కొచ్చి పక్కన పెట్టాడు. ఆయన కత్తి వీరుడు. ఆమె దెబ్బలకి మందువేసే వైద్యురాలు. సాయంత్రం ఆరునుంచి ఏడుదాకా పక్కపక్కన కూర్చుని, పక్కనున్న మనిషికి ఆటలోంచే ఉత్తరం ముక్కలు కొట్టుకునేవారు. ఆ ఆటకి తెలుగు రాదు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. "మందు", "వెనక తోడేలు", "అన్నం వేళయింది". తాయారమ్మ గుమ్మంలోంచి చూసి, "ఏటిరా ఇది, పక్కన కూకుని ఉత్తరాలు రాసుకుంటన్నారు? మీకేటైనా తగిలిందా?" అని దిష్టి కూడా తీసింది.

రెండువేల పన్నెండులో ఫణిశ్రీ దగ్గర్లోనే ఉన్న అభన్‌పూర్ కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంటానంది. హేమంత్ సాహు, బడి పంతులు. మంచివాడే. గురునాథానికి కూడా మంచివాడిలాగే కనిపించాడు, అదే ఆయన కోపం. వంక దొరకని కోపం ఎప్పుడూ పెద్దదే. చేసుకోవద్దన్నాడు, ఆమె చేసుకుంది. సింహాచలం అప్పన్న పటం ముందు, తాయారమ్మ సాక్షిగా, "ఈ జన్మలో దానితో మాట్లాడను" అని ఒట్టు పెట్టుకున్నాడు. అంతకుముందు మాత్రం ఏం మాట్లాడి చచ్చాడని ఎవరూ అడగలేదు.

ఒట్టు పెట్టుకున్న పదిహేనో రోజు సాయంత్రం ఆటలోకి వెళితే, కోట గుమ్మం దగ్గర వైద్యురాలు నిలబడి ఉంది. అభన్‌పూర్లో కూడా ఇంటర్నెట్టు ఉంటుందన్న సంగతి ఆయనకి తట్టలేదు. గురునాథం కుర్చీలోంచి లేచి, వంటింటి గుమ్మం దగ్గర తచ్చాడి, నీళ్ళు తాగి, మళ్ళీ తచ్చాడాడు.

"ఏట్రా?" అంది తాయారమ్మ.

"అప్పా, అది అందులో ఉంది."

"ఎందులో?"

"ఆటలో. నాకు ఒట్టుంది కదా."

తాయారమ్మ వంకాయ కోస్తూ ఆలోచించింది. ఆ ఇంటికి ఆవిడే హైకోర్టు. "మాట్లాడనని కదరా ఒట్టెట్టుకున్నావు? రాయనని ఒట్టెట్టుకున్నావేటి? మాటంటే నోటంట వచ్చీది. సేత్తో కొట్టీది మాటెలాగవుద్ది?"

తీర్పు ఆయనకి సబబుగానే తోచింది. రైల్వేలో కూడా నోటి ఉత్తర్వు వేరు, రాత ఉత్తర్వు వేరు. వెళ్ళి కూర్చుని, "మందు" అని కొట్టాడు.  మందు పడింది. ఒంటిమీద ఒక్క దెబ్బ కూడా లేని మనిషికి.

ఇక్కడ ఆ ఆటలో ఒక నియమం చెప్పాలి. జంటగా కోటలోకి వెళ్ళాలంటే ఇద్దరి లెవెళ్ళ మధ్యా తేడా అయిదుకి మించకూడదు. అయిదు దాటిందా, తలుపు తెరుచుకోదు, పైగా ఒకరు కొట్టేది ఇంకొకరికి కనిపించదు. అత్తవారింట్లో ఉమ్మడి కాపురం, కరెంటు దయ, వచ్చేపోయే చుట్టాలు. ఫణిశ్రీకి వారంలో రెండు సాయంత్రాలు దొరికితే గొప్ప. గురునాథానికి ఏడూ ఖాళీయే. ఆయన మామూలుగా ఆడితే మూణ్ణెల్లలో ఆమెని వదిలేసి పైకెళ్ళిపోతాడు.

కాబట్టి ఆయన తన వృత్తి విద్యంతా బయటికి తీశాడు. లోకంలో ఆటగాళ్ళందరూ తొందరగా పైకెళ్ళడం ఎలాగని పుస్తకాలు రాసుకుంటుంటే, పైకెళ్ళకుండా ఉండటం ఎలాగన్న శాస్త్రానికి రాయపూర్లో ఈయనొక్కడే పండితుడు. పాత కంట్రోల్ చార్టు వెనక తన గీతా కూతురి గీతా గీసేవాడు. ఆమె గీత పడుకుంటే తన గీతని పక్క లైనులో నిలబెట్టేవాడు. పెద్ద రాక్షసుల పనులు ఒప్పుకునేవాడు కాదు. ఊళ్ళో ముసలమ్మకి మూలికలు ఏరిపెట్టడం, కమ్మరివాడి ఉత్తరం వడ్రంగికి అందజేయడం, తప్పిపోయిన మేకని తోలుకురావడం. పాయింట్లు రాలని చిల్లర చాకిరీ ఏదుంటే అది. కొత్త ఊరు చూసినా పాయింట్లిస్తారు గనక తెలిసిన దారుల్లోనే నడిచేవాడు. సత్రంలో నిద్రపోయిన వీరుడికి మర్నాడు రెట్టింపు పాయింట్లు వస్తాయి. అందుకని తన వీరుణ్ణి రోజూ సత్రం అరుగు బయట, వానలో పడుకోబెట్టేవాడు. ఎంత జాగ్రత్తపడినా పాయింట్లు పోగవుతూనే ఉండేవి. చచ్చిపోతే కొన్ని పాయింట్లు కోస్తారని కనిపెట్టి, ప్రతి మంగళవారం అడవికెళ్ళి కత్తి కింద పడేసి తోడేళ్ళ చేత కరిపించుకునేవాడు. పెద్దమనిషి, గెజిటెడు కాకపోయినా గౌరవమైన ఉద్యోగి, వారానికొకసారి శ్రద్ధగా చచ్చేవాడు.

ఫణిశ్రీ ఇది గమనించే ఉంటుంది. ఒకసారి, "నువ్వెందుకు పెరగట్లేదు?" అని కొట్టింది. "తీరిక లేదు" అని కొట్టాడు.

రెండువేల పద్నాలుగు శ్రావణానికి ఆయన నలభై ఒకటి, ఆమె ముప్ఫై ఆరు. సరిగ్గా అయిదు. ఆరు కోటలు దాటారు, ఏడోది మిగిలింది. ఆ సాయంత్రం ఆరో కోట ప్రాకారం మీద నిలబడి ఉన్నారు. కింద మెట్లమీదుగా రాతి భూతమొకటి ఎక్కివస్తోంది. అప్పుడు తెరమీద వచ్చింది, ఆటతో సంబంధం లేని మొదటి మాట:

"నాన్నా, నాకు ఏడో నెల. పురిటికి ఇంటికి రానా?"

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. తల్లి లేని పిల్ల, తండ్రి ఒట్టు పెట్టుకున్న పిల్ల, ఎన్ని రోజులు ఈ వాక్యాన్ని పట్టుకుని తిరిగిందో.  భూతం ఇంకా నాలుగు మెట్ల దూరంలో ఉంది. నాలుగు అక్షరాలకి టైముంది. ఎప్పుడైనా ఎవరైనా రానా, పోనా, వదలనా అని అడిగితే ముప్ఫై ఏళ్ళుగా ఆయన చెప్పే జవాబు ఒక్కటే. వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి: ఏ, ఏ, జీ, ఈ. ఆగే. వచ్చెయ్, లైను ఖాళీగా ఉంది, ఏ అడ్డూ లేదు అని ఆ మాటకి ఆయన లెక్కలో తాత్పర్యం.

అభన్‌పూర్లో ఆ నాలుగక్షరాలూ తెలుగులో చదవబడ్డాయి.

చిన్నప్పుడు పట్టాల వైపు పరిగెత్తినప్పుడల్లా వెనకనుంచి తండ్రి కేక వేసిన మాట అది. ఆగే! ఒసే, ఆగే! నాన్న నోట ఆమె అన్నిటికంటే ఎక్కువ విన్న తెలుగు మాట. ఫణిశ్రీ తెర ఆపేసింది.

ఇవతల భూతం గురునాథాన్ని కొట్టి చంపింది. లేచి చూసేసరికి వైద్యురాలు లేదు. కరెంటు పోయుంటుందనుకున్నాడు. వంటింట్లోకి వెళ్ళి, "అప్పా, పిల్ల పురిటికొస్తోంది" అన్నాడు.

తాయారమ్మ ఆ వారమంతా నేలమీద నడవలేదు. వెనక గదికి సున్నం వేయించింది. పాత నూలు చీరలు చింపి, ఉతికి, మడతలు పెట్టింది. ఊరినుంచి వచ్చే ఎవరి చేతో బాలింతకి పెట్టే కాయం మందుకి దినుసులు తెప్పించి, దంచి, బెల్లం కలిపి డబ్బాకెత్తింది. గురునాథం నులకమంచం బిగించాడు. బిగించి, చాలదేమోనని ఇంకోసారి బిగించాడు.

ఫణిశ్రీ రాలేదు. ఆటలోకీ రాలేదు. నెల గడిచింది. కార్తీకంలో అభన్‌పూర్ వైపు పనిచేసే సిగ్నలు మనిషి జోగయ్య డ్యూటీ మాటల మధ్యలో, "బాబూ, సాహు మాస్టారింట్లో ఆడపిల్ల పుట్టిందట గదా, మిఠాయేదీ?" అన్నాడు. గురునాథం చార్టు మీద పెన్సిలు ములుకు విరిగింది. పిల్ల పుట్టింది. అక్కడ బాలింత ఆరో రోజున వాళ్ళ ఆచారం ప్రకారం కాంకే పానీ అనే మూలికల కషాయం తాగింది. ఇక్కడ కాయం డబ్బా బూజు పట్టింది.

"నువ్వు ఫోను సెయ్యి" అంది తాయారమ్మ.

"ఒట్టుంది."

"అయితే నానెల్తాను, బస్సెక్కి."

"నువ్వెళితే నేనెళ్ళినట్టే. అడిగింది, రమ్మన్నాను. రాలేదు. అత్తవారిల్లే తీపైంది. ఇంకేం చెయ్యమంటావు?"

అక్కడ అభన్‌పూర్లో కూడా ఇదే లెక్క ఇంకోవైపునుంచి నడుస్తోందని ఆయనకి తెలీదు. అడిగాను, ఆగమన్నాడు. ఇంకేం చెయ్యను? ఇద్దరూ న్యాయం తమవైపే ఉందన్న ధైర్యంతో ఉన్నారు. న్యాయం ఉన్న మనుషులకి ఫోను చెయ్యాల్సిన అవసరం రాదు.

కానీ ఆరు కొట్టేసరికి ఆయన కుర్చీలో ఉండేవాడు. ఎప్పుడైనా వస్తే? వచ్చినప్పుడు తను నలభై రెండులో ఉంటే? తలుపు తెరుచుకోదు. అందుకని నలభై ఒకటి దాటలేదు. పక్క ఆటగాళ్ళు అరవై దాటారు, తొంభై చేరారు, కొందరు విసుగెత్తి పోయారు. ఈయన మూలికలు ఏరుతూనే ఉన్నాడు. మేకని తోలుకొస్తూనే ఉన్నాడు. ఆ మేక ఆయన్ని గుర్తుపట్టే దశకొచ్చిందని తాయారమ్మతో ఒకసారి అన్నాడు. రెండువేల పంతొమ్మిదిలో రిటైరై, క్వార్టరు ఖాళీచేసి ఊళ్ళోనే గుఢియారీలో అద్దె ఇంట్లోకి మారాక తీరిక పెరిగి, కష్టం రెట్టింపైంది. మంగళవారాలతో పాటు శుక్రవారాలు కూడా చావాల్సి వచ్చింది.

మరుసటి ఏడు జనవరిలో కంపెనీ ప్రకటన చేసింది. ఆట మూసేస్తున్నాం, ఫలానా ఆదివారం సాయంత్రం ఏడింటికి ఆఖరు, వీడ్కోలు కానుకగా ఆ రోజంతా అందరికీ పాయింట్లు రెట్టింపు. గురునాథం దాన్ని మూడుసార్లు చదివాడు. రెట్టింపన్న మాట దగ్గర మూడుసార్లూ ఆగాడు.

ఆ ఆదివారం ఆయన చెట్టుకిందనుంచి కదల్లేదు. ఏది ముట్టుకుంటే ఏ పాయింటొస్తుందోనని గడ్డిపోచ కూడా తొక్కలేదు. ఆరుంపావుకి తెర మూల ఒక పేరు వెలిగింది. వైద్యురాలు. ముప్ఫై ఆరు.

 ఆమే ముందు కొట్టింది: "ఇంకా నలభై ఒకటేనా?"

"తీరిక లేదు."

"ఏడో కోట చూద్దామా?"

వెళ్ళారు. చంపినవాళ్ళకే పాయింట్లు గనక ఈయన కత్తి దుయ్యలేదు. ముందు నడిచి దెబ్బలన్నీ తను తిన్నాడు. వెనకనుంచి ఆమె మందు వేస్తూ, చేతికర్రతోనే ఒక్కొక్క రాక్షసినీ కొట్టి చంపుకుంటూ వచ్చింది. ఒళ్ళంతా చిల్లులు పడ్డ తండ్రీ, కర్ర పట్టుకున్న కూతురూ ఏడో తలుపు ముందు నిలబడేసరికి ఏడుకి నాలుగు నిమిషాలుంది. తలుపు తెరుచుకుంది. తేడా అయిదే.

"ఆగే" అని కొట్టాడు గురునాథం. ముందు నువ్వు వెళ్ళు అని.

ఆమె ఆగింది.

ఆయన చూశాడు. ఆమె నిలబడే ఉంది. "టైము లేదు" అని కొట్టాడు.

"ఆగమన్నావు కదా."

"ఆగే అంటే పద అని. హిందీ ఆగే."

తెరమీద గడియారం ఒక నిమిషం దిగింది. తరవాత ఆమె అక్షరాలు ఒకటొకటిగా వచ్చాయి.

"ఆ రోజు కూడా హిందీయేనా?"

"ఏ రోజు?"

"పురిటికి రానా అని అడిగిన రోజు."

గురునాథం చదివాడు. ఆయనకి అర్థం కావడానికి చాలాసేపేం పట్టలేదు. చార్టు మీద రెండు గీతలు ఎక్కడ తప్పాయో చూడగానే చెప్పగలిగిన మనిషి. జవాబు కొడదామని వేళ్ళు మీటల మీద పెట్టాడు. తెలుగులో ఆ జవాబుకి ఎన్ని అక్షరాలు కావాలో తేల్చుకునేలోపల ఏడైంది. కోట, తలుపు, కర్ర పట్టుకున్న పిల్ల, అన్నీ పోయి తెర నల్లగా మిగిలింది.

"అప్పా! దాని ఫోను నంబరు?"

తాయారమ్మ బియ్యం డబ్బా మూత లోపల అతికించి ఉన్న కాగితం చించి ఇచ్చింది. ఆరేళ్ళుగా అది అక్కడే ఉందని ఆయనకి తెలీదు.

రెండు మోతల తరవాత ఎవరో ఎత్తారు. ఎనిమిదేళ్ళ ఒట్టుని పక్కన పెట్టి, "నాన్న... నాన్ననమ్మా" అన్నాడు.

"నానా?" అంది అవతల ఒక చిన్నపిల్ల గొంతు. హిందీలో నానా అంటే తాత. "గేమ్‌వాలే నానా? మమ్మీ తో బోలీ, గేమ్ బంద్ హో గయా!"

ఆటలో ఉండే తాత. ఆట మూసేశారని అమ్మ చెప్పిందే, మరి ఈయనెక్కణ్ణుంచి మాట్లాడుతున్నాడని ఆ పిల్ల సందేహం.  ఫోను చేతులు మారిన చప్పుడైంది.

"నాన్నా" అంది ఫణిశ్రీ. గొంతు లావెక్కింది. లేదా ఆయనే మర్చిపోయాడు.

"నేను రమ్మనే అన్నానే."

"తెలిసింది. ఇందాకే."

"అప్ప కాయం కూడా దంచింది. గదికి సున్నం వేయించాం."

 అవతల పిల్ల ఏదో హిందీలో అడిగింది, ఆమె హిందీలోనే సర్దిచెప్పింది.

"పాపకి తెలుగు రాదా?"

"రాదు నాన్నా. ఎవరితో మాట్లాడుతుందని నేర్పను?"

అందులో నిష్ఠూరం కూడా లేదు. ఉన్నా బాగుండేది.

"రండమ్మా ఇక్కడికి. అందరూ. అతన్ని కూడా తీసుకురా. గంట దారి."

"దీనికి స్కూలు. మా అత్తగారికి మోకాళ్ళు బాగాలేవు. నేను లేకపోతే అక్కడ..." ఆగింది. "దేఖ్తే హైఁ నాన్నా. చూద్దాం."

ముప్ఫై ఏళ్ళు ఫోను మీద మనుషుల్ని విన్నాడాయన. "దేఖ్తే హైఁ సాబ్" అని ఎక్కడో స్టేషన్లో ఎవరైనా అన్నారంటే ఆ పూట ఆ బండి కదలదని అర్థం. కోపం ఉండదు అందులో, అబద్ధమూ ఉండదు. లైను ఖాళీ లేదు, అంతే. ఒకప్పుడు ఖాళీగా ఉండేది.

"సరేనమ్మా. చలిగా ఉంది, పాపకి చెవులు కప్పు" అన్నాడు.

"నువ్వు కూడా కప్పుకో" అంది. ఇద్దరూ ఫోను పెట్టేయడానికి కొంతసేపు పట్టింది.

తాయారమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "ఏటంది? ఏటందిరా పిల్ల?"

"చూద్దామంది."

తాయారమ్మ ఏనాడూ రైల్వేలో పనిచెయ్యలేదు. "సూద్దామందా! నాను సెప్పనా! ఆదివారమొచ్చీస్తారు, పిల్ల గారెలు తింటాదో తినదో" అనుకుంటూ మినప్పప్పు డబ్బా కోసం వంటింట్లోకి బేగి నడిచింది. గురునాథం నల్లబడ్డ తెర ముందు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, లోపల గిన్నెలో పప్పు పడుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాడు.